చెవి పైన జుట్టు చదునుగా ఉంటే డాలర్ అరిగినట్టేనా? 1904 న్యూ ఆర్లీన్స్ మోర్గాన్ గ్రేడ్ గురించి

నమస్తే అండీ. మీ ప్రశ్న, ఫోటోలు అన్నీ తీరిగ్గా చూశాను. కొత్తగా చదివేవాళ్ల కోసం మీరు అడిగింది ముందు రెండు ముక్కల్లో చెప్తాను. డాలస్‌లో ఒక కాయిన్ షోలో 1904 న్యూ ఆర్లీన్స్ మోర్గాన్ వెండి డాలర్ కొన్నారు. అంటే ఒకవైపు లిబర్టీ అనే స్త్రీ ముఖం, రెండోవైపు గద్ద ఉండే పాత అమెరికా నాణెం, న్యూ ఆర్లీన్స్ టంకసాలలో కొట్టినది. అమ్మినాయన ఎంఎస్ 64 అన్నాడు. గ్రేడ్ అంటే నాణెం ఎంత బాగుందో చెప్పే అంకె, 70 దాకా ఉంటుంది; ఎంఎస్ (మింట్ స్టేట్) అంటే అసలు అరగనిది, 60 నుంచి పైకి. ఇంటికి తెచ్చాక మీ బావగారు భూతద్దం పెట్టి చూసి, "చెవి పైన జుట్టంతా చదునైపోయింది, ఇది చేతులు మారి అరిగిన నాణెం, ఏయూ దాటదు" అన్నారు. ఏయూ (అబౌట్ అన్‌సర్క్యులేటెడ్) అంటే ఎంఎస్‌కి కింది మెట్టు, కొద్దిగా అరిగినది. ఎవరి మాట నిజం, గ్రేడింగ్‌కి పంపాలా, అంచు దగ్గర ఉన్న నలుపుని తీసేయొచ్చా అన్నవి మీ సందేహాలు. దాంతోపాటు పాత సామాన్ల కొట్లో దొరికిన 1889 డాలర్ ఫోటో కూడా పెట్టారు.

చివరి సందేహానికే ముందు జవాబు చెప్తాను. ఆ ఒక్కటి తప్పు చేస్తే మిగతా సమాధానంతో పనే ఉండదు. తోమకండి. మన ఇళ్లలో పండగకి ముందు వెండి కుందులు, కుంకుమ భరిణెలు విభూదితోనో కుంకుడుకాయ రసంతోనో టూత్‌పేస్ట్‌తోనో తోమి తళతళలాడించడం చిన్నప్పటి నుంచీ చూశాం కాబట్టి, నల్లబడ్డ వెండి కనిపిస్తే చెయ్యి ఆగదు. కుందికి అది మంచిదే. నాణేనికి మాత్రం అది తిరిగి రాని నష్టం. ఎందుకో కింద చెప్తాను.

ఇక అసలు విషయం. నా అంచనాలో మీ 1904 డాలర్ అరగలేదు. కాబట్టి బావగారు ఏయూ అనడం సరికాదు. అలాగని 64 కూడా కాదు. 62కీ 63కీ మధ్య ఉంది. ఆయన చూసిన చదును నిజంగానే ఉంది, ఆయన కన్ను తప్పు కాదు. ఆ చదును ఎలా వచ్చిందన్న దగ్గరే పొరపాటు పడ్డారు. నేను కూడా మొదటి మూడు నాలుగేళ్లు అచ్చంగా అదే పొరపాటు పడ్డాను.

ముందు నాణెం అసలుదేనా అన్నది తేల్చుకోండి. మోర్గాన్ డాలర్ బరువు 26.73 గ్రాములు, వ్యాసం 38.1 మిల్లీమీటర్లు. తొంభై శాతం వెండి, పది శాతం రాగి. వంటింటి తూకం దీనికి పనికిరాదు, గ్రాములో నూరోవంతు చూపించే చిన్న నగల తూకం కొనుక్కోండి. టంకసాల అనుమతించిన తేడా గ్రాములో పదోవంతు లోపే. అరగని నాణెం 26 గ్రాములే తూగితే అక్కడితో ఆపేయాలి. అయస్కాంతానికి అతుక్కోకూడదు. బొరుసు వైపు, దండ కింద ముడికి దిగువన, డాలర్ అనే మాటలో మొదటి రెండు అక్షరాల మధ్యకి పైన, చిన్న ఓ అక్షరం ఉంటుంది. అదే న్యూ ఆర్లీన్స్ గుర్తు. మీ ఫోటోలో ఆ ఓ గుండ్రంగా, సరైన సైజులో, సరైన చోటే ఉంది. 1896, 1900, 1902 తేదీలతో మరీ చిన్న ఓ ఉన్న డాలర్లు కొన్ని దొరుకుతాయి. చాలాకాలం వాటిని అసలు నాణేలనే కొన్నారు, అమ్మారు. 2005లో అవి పాతకాలపు నకిలీలని తేలింది. మీది ఆ బాపతు కాదు.

ఇక దీపం సంగతి. గ్రేడింగ్‌లో సగం పని దీపమే చేస్తుంది, అందుకే దీని మీద కాస్త ఎక్కువ రాస్తున్నాను. మీ మొదటి రెండు ఫోటోలు ట్యూబ్‌లైట్ కింద తీసినట్టున్నాయి. వెలుగు అన్ని వైపుల నుంచీ సమంగా పడింది. అలాంటి వెలుగులో బొమ్మ బాగా కనిపిస్తుంది కానీ నాణెం ఒంటి మీది తీరు కనపడదు. గదిలో మిగతా లైట్లన్నీ ఆర్పేసి, పాతరకం ఫిలమెంట్ బల్బు అరవై వాట్లది ఒకటి, లేదా చిన్న హాలోజన్ టేబుల్ ల్యాంప్ వెలిగించండి. బల్లమీద మెత్తటి తువ్వాలు మడతపెట్టి పరవండి, చేయి జారినా ప్రమాదం ఉండదు. నాణేన్ని రెండు వేళ్లతో అంచు పట్టుకోండి, ముఖం మీద వేలు పెట్టకండి. దీపానికి అడుగు దూరంలో ఉంచి, కొంచెం వాల్చి, నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి.

అరగని వెండి డాలర్ అయితే రెండు వెలుగు చారలు మధ్యలోంచి అంచుదాకా సాగి, నాణెం తిప్పినకొద్దీ బండి చక్రం ఆకుల్లా తిరుగుతాయి. అమెరికాలో కూడా దాన్ని బండి చక్రం అనే పిలుస్తారు. అచ్చు దెబ్బ పడినప్పుడు వెండి మధ్య నుంచి అంచు వైపు పారుతుంది. ఆ పారుదల వల్ల కంటికి కనపడనంత సన్నని గాళ్లు లక్షలకొద్దీ ఏర్పడతాయి. వెలుగు వాటి మీద పడి చారలుగా తిరుగుతుంది. తోమితే పోయేవి ఆ గాళ్లే. వెండి మెరుస్తుంది కానీ చక్రం తిరగదు. ఒకసారి పోయాక ఏ కంసాలి, ఏ మందు, ఏ యంత్రం వాటిని తిరిగి తేలేవు.

ఈ చక్రాన్ని చూడటం నాకు నేర్పింది పెన్సిల్వేనియాలో ఒక షోలో పరిచయమైన పెద్దాయన. ఎనభై దాటిన మనిషి. ఆయన నా ముందు రెండు డాలర్లు పెట్టాడు. ఒకటి 1881 శాన్ ఫ్రాన్సిస్కోది, రెండోది 1891 న్యూ ఆర్లీన్స్‌ది. ఏది అరిగిందో చెప్పమన్నాడు. శాన్ ఫ్రాన్సిస్కో నాణెం మీద చెవి పైన ప్రతి వెంట్రుకా విడివిడిగా లెక్కపెట్టొచ్చు. గద్ద రొమ్ము మీద ఈకలన్నీ ఉన్నాయి. రెండోదాని మీద గద్ద రొమ్ము కోడిగుడ్డులా నున్నగా ఉంది, ఒక్క ఈక లేదు. చెవి పైన ఎవరో బొటనవేలితో అదిమినట్టు ఉంది. ఆలోచించకుండా రెండోదే అరిగిందన్నాను. ఆయన దీపం నా వైపు తిప్పి, "బొమ్మ చూడకు, వెలుగు ఎక్కడైనా ఆగుతుందేమో చూడు" అన్నాడు.

1891 నాణెం తిప్పాను. వెలుగు చార నుదుటి మీదుగా వచ్చి, ఆ చదునైన జుట్టు మీదుగా, చెంప మీదుగా ఎక్కడా తడబడకుండా జారిపోయింది. బొరుసు వైపు ఆ నున్నటి రొమ్ము మీద కూడా అంతే. తర్వాత 1881 నాణెం తిప్పాను. చార చెంప దగ్గరకి రాగానే తెగింది. చెంప ఎత్తున రూపాయి బిళ్లంత కూడా లేని ఒక బూడిదరంగు మచ్చ, వెలుగు దాన్ని దాటి అవతల మళ్లీ మొదలైంది. కనుబొమ పైన జుట్టు మీద, గద్ద రొమ్ము మధ్యలో కూడా అలాగే తెగింది. అంటే వెంట్రుకలన్నీ ఉన్న నాణెం ఏయూ 58, ఒక్క వెంట్రుకా లేని నాణెం ఎంఎస్ 62. ఆ రోజు నుంచి నేను ఏ డాలర్ చేతిలోకి తీసుకున్నా ముందు చూసేది ఆ వెలుగే.

మీ విషయానికి వస్తే, అచ్చు సరిగా పడకపోవడం వేరు, అరగడం వేరు. రెండూ ఒకేచోట కనిపిస్తాయి కాబట్టే ఇంత గందరగోళం. చెవి పైన జుట్టు, దాని వెనుక బొరుసు వైపు గద్ద రొమ్ము, రెండూ నాణేనికి నడిమధ్యలో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. అచ్చులు రెండిటికీ అక్కడే గుంట లోతు ఎక్కువ. వెండి బిళ్ల మీద దెబ్బ గట్టిగా పడితేనే లోహం ఆ రెండు గుంటలనూ నింపుతుంది. అచ్చుల మధ్య ఎడం కాస్త ఎక్కువైతే మధ్య భాగం నిండదు, చుట్టూ ఉన్నది మాత్రం పదునుగానే వస్తుంది. న్యూ ఆర్లీన్స్ టంకసాలలో ఈ లోపం చాలా ఏళ్ల నాణేల్లో ఉంది. శాన్ ఫ్రాన్సిస్కోలో 1879 నుంచి 1882 దాకా కొట్టినవాటిలో దాదాపు లేదు.

అందుకే దీపం తర్వాత నేను చూసేది మధ్య భాగాన్నీ చుట్టూ ఉన్నదాన్నీ పోల్చి. మీ నాణెం మీద లిబర్టీ తలపాగా అంచు, దాని మీద గోధుమ కంకులు, పత్తి కాయలు పదునుగా ఉన్నాయి. గద్ద రెక్కల కొసలు, కాలి గోళ్లు కూడా. జేబుల్లో, పర్సుల్లో తిరిగి అరిగిన నాణేనికి మధ్య ఒక్కటే అరగదు. తలపాగా అంచు, రెక్కల కొసలు, చెంప అన్నీ కలిసి అరుగుతాయి. మీదాంట్లో మధ్య మాత్రమే మెత్తగా ఉంది.

ఇంకొక గుర్తు ఉంది, దానికి పది రెట్ల భూతద్దం కావాలి. ఆ చదును ప్రదేశాన్ని దగ్గరగా చూడండి. అచ్చు నిండనిచోట, అచ్చు పడకముందు ఆ బిళ్ల మీద ఉన్న చిన్న చిన్న గరుకులు, గీతలు అలాగే మిగిలిపోతాయి. కొంచెం గరుగ్గా, కానీ మెరుస్తూ ఉంటుంది. అరిగినచోట నున్నగా, మసకగా, కాస్త బూడిద రంగులో ఉంటుంది. మీ మూడో ఫోటో పెద్దది చేసి చూస్తే చెవి పైన ఆ గరుకు నాకు కనిపించింది. వెలుగు చార కూడా అక్కడ తెగలేదు. ఫోటో చూసి నూటికి నూరు శాతం చెప్పడం కుదరదు, కానీ నా చేతిలో ఉంటే ఇది ఎంఎస్ అనే మొదలుపెడతాను.

1904 న్యూ ఆర్లీన్స్ డాలర్లు ఇంత ఎక్కువగా అరక్కుండా దొరకడానికి వెనక ఒక కథ ఉంది, అది తెలిస్తే మీ బావగారి అనుమానం కొంత తీరుతుంది. ఆ ఏడాది అక్కడ 37,20,000 డాలర్లు కొట్టారు. న్యూ ఆర్లీన్స్‌లో వెండి డాలర్ కొట్టడం అదే చివరిసారి. వాటిని జనం వాడలేదు, ఖజానాలో సంచుల్లో ఉండిపోయాయి. 1962లో ఫిలడెల్ఫియా టంకసాలలో ఏళ్ల తరబడి సీలు వేసి ఉంచిన ఒక ఖజానా గది తెరిస్తే అందులోంచి 1898, 1903, 1904 న్యూ ఆర్లీన్స్ డాలర్లు సంచులకు సంచులు బయటపడ్డాయి. అంతకుముందు 1903 నాటిది దొరకడమే గగనం, ధర ఆకాశంలో ఉండేది. కొన్ని నెలల్లో నేలకి దిగిపోయింది. అప్పట్లో పెద్ద ధర పెట్టి కొన్నవాళ్లు ఎంత బాధపడ్డారో పాత సేకర్తలు ఇప్పటికీ చెప్తారు. మీ నాణెం కూడా అలాంటి సంచిలోంచి వచ్చినదే అయ్యుండే అవకాశం ఎక్కువ.

సంచి అన్నాను కదా, గ్రేడ్‌లో మిగతా సగం ఆ సంచే. ఒక్కో గుడ్డ సంచిలో వెయ్యి డాలర్లు పోసేవాళ్లు. అంటే 26 కిలోలు దాటిన బరువు, మనం తెచ్చుకునే సోనా మసూరి బియ్యం బస్తా కంటే కాస్త ఎక్కువే. వాటిని ఎత్తి, దించి, ఒకదాని మీద ఒకటి పడేసి, లెక్కలకని మళ్లీ మళ్లీ కదిలించారు. లోపల నాణేలు ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి. పక్క నాణెం అంచుకి ఉండే పళ్లు తగిలినచోట దువ్వెనతో గీసినట్టు వరసగా చిన్న చిన్న గీతలు పడతాయి. అవి అరుగుదల కాదు. అందుకే మనిషి చెయ్యి తగలని నాణెం కూడా దెబ్బలు తిని ఉంటుంది.

ఎంఎస్ 60 నుంచి పైకి గ్రేడ్ అంతా ఆ దెబ్బల లెక్కే. ఎన్ని ఉన్నాయన్నదానికంటే ఎక్కడ ఉన్నాయన్నది ముఖ్యం. లిబర్టీ చెంప పెద్దగా, నున్నగా, ఏ అలంకారం లేకుండా ఉంటుంది. అక్కడ ఒక్క గీత పడితే గది అవతలి నుంచి కనిపిస్తుంది. అదే దెబ్బ జుట్టులోనో, గద్ద రెక్క ఈకల్లోనో పడితే కలిసిపోతుంది. కాబట్టి నేను చూసే క్రమం ఇది: ముందు చెంప, తర్వాత ముఖానికి ఎదురుగా ఉన్న ఖాళీ జాగా, తర్వాత మెడ, ఆ తర్వాతే మిగతావి. బొరుసు వైపు ఎంత శుభ్రంగా ఉన్నా, బొమ్మ వైపు కంటే గ్రేడ్ పైకి లాగదు. కిందికి మాత్రం లాగుతుంది.

60, 61 అంటే అరగలేదు కానీ ఒంటినిండా దెబ్బలు, మెరుపు కూడా అంతంతమాత్రం. 63 అంటే దెబ్బలు తేలిగ్గా కనిపిస్తాయి, చెంప మీద కూడా ఒకటి రెండు ఉంటాయి, కానీ చూడబుద్ధవుతుంది. 64 చేతిలోకి తీసుకోగానే బాగుందనిపిస్తుంది, ఆ తర్వాతే లోపాలు కనిపిస్తాయి. 65కి చెంప దాదాపు శుభ్రంగా ఉండాలి, మెరుపు బలంగా ఉండాలి, అచ్చు కూడా బాగా పడి ఉండాలి. ఆ ఆఖరి మాట మీకు వర్తిస్తుంది. అచ్చు సరిగా పడకపోవడం నాణేన్ని ఎంఎస్ నుంచి ఏయూకి దించదు. కానీ పై మెట్లు ఎక్కనివ్వదు.

ఈ అంకెలు ఎక్కడివని కొందరు అడుగుతుంటారు. విలియం షెల్డన్ 1949లో పాత అమెరికా పెద్ద రాగి సెంట్లకు ధర కట్టడానికి 1 నుంచి 70 దాకా మెట్లు పెట్టాడు. తర్వాత అవే అన్ని నాణేలకూ పాకాయి. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ కంపెనీలు మొదలయ్యాక నాణేన్ని ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి అంకె వేసి ఇవ్వడం మామూలైంది.

మీ ఫోటోల్లో నాకు కనిపించినవి చెప్తాను. కంటి కింద నుంచి పెదవి చివర దాకా ఏటవాలుగా ఒక గీత ఉంది, సుమారు నాలుగైదు మిల్లీమీటర్లు. దవడ దగ్గర దువ్వెన గీతల గుర్తు ఒకటి. ముఖానికి ఎదురుగా మూడు నాలుగు చిన్న గాట్లు. బొరుసు వైపు బాగానే ఉంది, ఒకట్రెండు చుక్కలు తప్ప. ఆ చెంప గీత లేకపోతే 63 అని ధైర్యంగా అనేవాణ్ని. అది ఉంది కాబట్టి 62 దగ్గర ఆగుతున్నాను. దీపం కింద చూసినప్పుడు అది లోతుగా లేదని తేలితే 63. అమ్మినాయన అన్న 64 ఎలా చూసినా రాదు. ఆయన మోసం చేశాడని నేను అనను. అమ్మేవాడి కళ్లకి ఒక మెట్టు పైన, కొనేవాడి కళ్లకి ఒక మెట్టు కింద కనిపించడం ఈ రంగంలో ఉన్నదే. కానీ మీరు 64 ధర ఇచ్చి ఉంటే, రసీదు ఉంటే, మర్యాదగా వెళ్లి అడగండి. చాలామంది వెనక్కి తీసుకుంటారు.

ఇప్పుడు ఆ అంచు నలుపు. మీ రెండో ఫోటోలో అది లేత గోధుమ నుంచి నీలం, తర్వాత నలుపుగా మారుతోంది. వెండికి గంధకం తగిలితే వచ్చే సహజమైన రంగు. దశాబ్దాలు గుడ్డ సంచిలోనో కాగితం ఆల్బంలోనో ఉన్న నాణేనికి అంచుల నుంచి లోపలికి అలాగే పాకుతుంది. దాన్ని మరక అనుకోకండి. ఆ నాణేన్ని ఎవరూ కదపలేదనడానికి అదొక సాక్ష్యం.

నా దగ్గర ఒక 1885 న్యూ ఆర్లీన్స్ డాలర్ ఉంది. నేను కొన్న మూడో మోర్గాన్ అది. అంచు చుట్టూ తేనె రంగు, మధ్యలో చక్రం బాగా తిరిగేది. మా ఇంటికి వచ్చిన బంధువులకి చూపించాలని, ముందురోజు రాత్రి సింక్ దగ్గర నిలబడి టూత్‌పేస్ట్, మెత్తటి గుడ్డ పెట్టి పది నిమిషాలు రుద్దాను. అద్దంలా మెరిసింది. అందరూ మెచ్చుకున్నారు. ఆరేడేళ్ల తర్వాత గ్రేడింగ్‌కి పంపితే అంకె లేకుండా, శుభ్రం చేసినది, డీటెయిల్స్ మాత్రమే అని వచ్చింది. అప్పుడు దీపం కింద పెట్టి చూశాను. స్టీలు కంచాన్ని పీచుతో తోమితే ఎండలో ఎలా కనిపిస్తుందో, అలా చెంప నిండా సన్నటి గీతలు, అన్నీ నేను గుడ్డ తిప్పిన దిక్కునే. నాణేన్ని ఎటు తిప్పినా వెలుగు ఒకేచోట గడ్డకట్టినట్టు నిలబడింది, తిరగలేదు. దాదాపు నూట ఇరవై ఏళ్లు చెక్కుచెదరని వస్తువుని పది నిమిషాల్లో నేనే పాడుచేశాను. అది ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఎవరైనా ఇంటికి వస్తే ముందు అదే చూపిస్తాను.

సంచి దెబ్బకీ తోమిన గీతకీ తేడా గుర్తుపట్టడం కష్టం కాదు. సంచి దెబ్బలు ఒక్కొక్కటి ఒక్కో దిక్కున, ఒక్కో లోతున ఉంటాయి. తోమిన గీతలు గుంపుగా, ఒకే దిక్కున, అక్షరాల మూలల్లోకి వెళ్లకుండా పైపైన ఉంటాయి. మీ నాణెం మీద అలాంటివి నాకు కనిపించలేదు, సంతోషం. వెండి శుభ్రం చేసే మందులో ముంచి తీసిన నాణేలు ఇంకోరకం. ఒకటి రెండు సెకన్లు ముంచితే గుర్తుపట్టలేం, ఎక్కువసేపు ఉంచితే మెరుపు చచ్చి సున్నం వేసినట్టు తెల్లగా అయిపోతుంది.

మీ రెండో నాణెం, 1889, గుర్తు లేనిది కాబట్టి ఫిలడెల్ఫియాది. ఇది నిజంగా వాడిన నాణెం, దీనికి లెక్క వేరు, తేలిక కూడా. ఇక్కడ ఎంత బొమ్మ మిగిలిందన్నదే చూడాలి. నుదుటి నుంచి చెవి దాకా జుట్టు గీతల్లో మూడింట రెండొంతులు కనిపిస్తూ, చెవి స్పష్టంగా ఉంటే వీఎఫ్ (వెరీ ఫైన్) 20. జుట్టు గీతలన్నీ గట్టిగా ఉండి, గద్ద రొమ్ము మీద, రెక్కల కొసల మీద మాత్రమే కొద్దిగా అరిగితే ఈఎఫ్ (ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్) 40. మీది ఆ రెండిటి మధ్య ఉంది, వీఎఫ్ 30 అనుకోవచ్చు. ఆ సంవత్సరం కార్సన్ సిటీలో కొట్టినవి మూడున్నర లక్షలే కాబట్టి, ఫిలడెల్ఫియా నాణేనికి కార్సన్ సిటీ టంకసాల గుర్తైన సీసీ అక్షరాలు అతికించి అమ్మేవాళ్లు ఉన్నారు. ఎవరైనా మీకు చూపిస్తే జాగ్రత్త.

కానీ ఈ 1889 ఫోటోలో నన్ను ఆపింది ఇంకొకటి. పైన, గడియారంలో పన్నెండు ఉండే చోట, అంచు మీద బూడిద రంగులో ఒక చిన్న బొడిపె, దాని కింద పళ్లు కరిగినట్టు ఉన్నాయి. మన నాయనమ్మల మెడల్లో విక్టోరియా రూపాయికి కొక్కెం టంకం వేసి కాసులపేరులా గుచ్చుకునేవాళ్లు కదా, ఇక్కడి వాళ్లూ ఈ డాలర్లను లాకెట్లుగా, బెల్టు బకిల్స్‌గా వాడారు. అది కొక్కెం తీసేసిన గుర్తులా ఉంది. అదే అయితే బొమ్మ ఎంత బాగున్నా అంకె రాదు. వెండి ధర మాత్రం ఎక్కడికీ పోదు, ఒక్కో డాలర్‌లో 0.7734 ట్రాయ్ ఔన్సుల స్వచ్ఛమైన వెండి ఉంటుంది.

రూపాయి మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో మన దేశంలో వెండి రూపాయలకి కరువొచ్చింది. కాగితం నోట్లు తెచ్చి వెండి ఇమ్మని జనం అడుగుతుంటే ఖజానా ఖాళీ అవుతున్న పరిస్థితి. అప్పుడు 1918లో అమెరికాలో పిట్‌మన్ చట్టం చేసి, 27 కోట్లకు పైగా వెండి డాలర్లు కరిగించారు. అందులో దాదాపు 26 కోట్ల డాలర్ల వెండిని బ్రిటన్‌కి అమ్మారు, అది ఇండియాలో రూపాయలు కొట్టడానికే. మా తాతయ్య పెట్టెలో 1919 నాటి జార్జి రూపాయలు ఉండేవి. అందులో ఏ మోర్గాన్ డాలర్ వెండి కరిగి ఉందో. ఏ సంవత్సరం డాలర్లు ఎన్ని కరిగించారో అప్పుడు లెక్క రాయలేదు. అందుకే ఎన్ని కొట్టారన్న అంకె చూసి ఎన్ని మిగిలాయో చెప్పలేం.

గ్రేడింగ్‌కి పంపాలా అని అడిగారు. వద్దు. 1904 న్యూ ఆర్లీన్స్ డాలర్ 62, 63 గ్రేడుల్లో కావలసినన్ని దొరుకుతుంది. గ్రేడింగ్ ఫీజు, రానూపోనూ ఇన్సూరెన్స్‌తో పోస్టేజ్ కలిపితే, అంకె వచ్చాక పెరిగే విలువ కంటే ఖర్చే ఎక్కువవుతుంది. మీకు 64 తప్పనిసరిగా కావాలంటే ఇప్పటికే పీసీజీఎస్ లేదా ఎన్‌జీసీ పెట్టెలో ఉన్నది కొనుక్కోవడం చవక. అది కొన్నాక మీ నాణేన్ని పక్కన పెట్టి ఒకే దీపం కింద తిప్పి చూడండి. ఏ పుస్తకమూ నేర్పనిది ఆ అరగంటలో మీ కంటికి అలవడుతుంది.

ఇప్పుడు మీరు ఉంచిన మెత్తటి ప్లాస్టిక్ కవర్ లోంచి దాన్ని ఇవాళే తీసేయండి. అలాంటి పీవీసీ కవర్లు కొన్నేళ్లకి నాణెం మీద పచ్చటి జిగురు వదులుతాయి. 38 మిల్లీమీటర్ల గట్టి క్యాప్సూల్ దొరుకుతుంది, అందులో పెట్టి తేమ లేని చోట ఉంచండి. పూజగదిలో, వంటింటి దగ్గర వద్దు.

వీలైతే ఈ వారాంతంలో ఒక పని చేయండి. పైన చెప్పినట్టు ఒక్క దీపమే వెలిగించి, బావగారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన చేత్తోనే నాణేన్ని తిప్పించండి. చెవి పైన వెలుగు ఆగుతోందా లేదా ఆయన్నే చెప్పనివ్వండి. తర్వాత చెంప గీత మీద వెలుగు ఏటవాలుగా పడేటట్టు ఒక ఫోటో, గద్ద రొమ్ము దగ్గరగా ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. గీత లోతు చూసి 62నా, 63నా తేల్చి చెప్తాను.